మద్రాసు విందుశాల

ఢిల్లీ నగరపు దక్షిణ భాగంలో, ఐ.ఐ.టి.కి, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి నడుమ బేర్ సరాయ్ అనే చిన్న పేట ఉన్నది. సరాయి అంటే బాటసారుల విడిది. ఈనాడు అక్కడ విడిది ఏదీ కనబడదు. పుస్తకాల అంగళ్ళు, జిరాక్సు యంత్రాలు, పోటీ పరీక్షలకు చదువుకొనే పిల్లలు అద్దెకు ఉండే ఇరుకు గదులు కనబడతవి. ఆ పిల్లలలో తెలుగు జిల్లాల నుండి వచ్చినవారు కూడ ఉంటారు. రెండేళ్ళో మూడేళ్ళో ఉండి వెళ్ళిపోతారు కాబట్టి, ఒక విధంగా ఆ పేరు ఇప్పటికీ అబద్ధం కాలేదని చెప్పవచ్చు. ఏమైనా, అది పేరు మిగిలి కట్టడం పోయిన చోటు. కట్టడం మిగిలి పేరు పోయిన చోటు ఒకటి ఈ దేశపు రెండవ కొసన, మద్రాసులో, సముద్రానికి మైలుకు లోపే ఉన్నది. దొరలు, దొరసానులు నృత్యం చేయడానికీ, విందులు ఆరగించడానికీ అది కట్టబడినది. దాని చరిత్రలో తెలుగువారి పాలు చిన్నది కాదు. అయినా ఆ సంగతి తెలిసినవారు తెలుగువారిలో తక్కువ.

మౌంటు రోడ్డు అని పూర్వం పిలవబడిన అణ్ణా సాలై ప్రక్కన, ప్రభుత్వ ఎస్టేటు అనబడే విశాలమైన ఆవరణలో రాజాజీ హాలు ఉన్నది. గ్రీకు దేవాలయాన్ని పోలిన ఆకారం, చుట్టూ స్తంభాలు, ఎత్తైన పీఠం, ఆ పీఠం మీదికి ఎక్కడానికి బహు వెడల్పైన మెట్ల వరుస. మొదట చూచినవారి కన్ను హాలు మీద కన్న ఆ మెట్ల మీదనే నిలుస్తుంది. అంత వెడల్పు మెట్లు ఎందుకు కట్టినారో తెలియాలంటే రెండు వందల ఏళ్ళు వెనుకకు పోవాలి.

ఆ తోటను, అందులోని ఇంటిని ఈస్టిండియా కుంపెనీవారు 1753లో ఒక పోర్చుగీసు వర్తక కుటుంబం వద్ద కొన్నారు. గవర్నర్లు కోటలోని ఉక్క భరించలేక అక్కడికి వచ్చి ఉండేవారు. 1798లో గవర్నరుగా వచ్చిన ఎడ్వర్డ్ క్లైవ్‌కు ఆ ఇల్లు చాలలేదు. ఆయన ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్ కుమారుడు. ఆయన వచ్చిన మరుసటి సంవత్సరమే, 1799 మే నెలలో, శ్రీరంగపట్టణం పడిపోయి టిప్పు సుల్తాను మరణించినాడు. దక్షిణాదిలో కుంపెనీకి ఎదురు నిలువగల రాజు ఇక లేడనిపించిన రోజులవి. విజయానికి తగిన విందు కావలెను, విందుకు తగిన ఇల్లు కావలెను. గవర్నరు ఇంటికి ప్రక్కనే ఒక విందుశాల కట్టించే పని జాన్ గోల్డింగ్‌హామ్‌కు అప్పగించబడినది. 1800లో మొదలైన పని 1802 నాటికి పూర్తి అయినది.

ఈ గోల్డింగ్‌హామ్ శిల్పి కాడు, కుంపెనీ కొలువులో ఖగోళ శాస్త్రజ్ఞుడు. నుంగంబాకంలోని నక్షత్రశాల ఆయన అధీనంలో ఉండేది. తరువాతి కాలంలో సెయింటు జార్జి కోటలోను, పరంగిమలలోను పేల్చే ఫిరంగుల చప్పుడు తన చెవికి ఎన్ని క్షణాలకు చేరుతున్నదో లెక్కించి శబ్దవేగాన్ని కొలిచినవాడు ఆయనే. ఫిరంగిని శాస్త్రానికి వినియోగించిన ఆ మనిషి, విందుశాల మీద మాత్రం ఫిరంగి గెలుపులను చెక్కించక తప్పలేదు. పైకప్పు కింద రెండు కొసల ఉన్న త్రికోణాకారపు గోడభాగాలలో ఒకదానిపై ప్లాసీ, రెండవదానిపై శ్రీరంగపట్టణం విజయచిహ్నాలుగా నిలిచినవి. తండ్రి గెలుపు ఒక ప్రక్క, కుమారుని కాలపు గెలుపు మరొక ప్రక్క, నడుమ నృత్యం.

ఆనాటి మద్రాసు కట్టడాల వన్నె అంతా సున్నంలో ఉండేది. కోరమండలు తీరపు గుల్లలను కాల్చి, నూరి, బెల్లపు నీరు, కోడిగుడ్డు తెల్లసొన వంటివి కలిపి, పూత మీద పూత వేసి, నునుపు రాళ్ళతో గంటల తరబడి రుద్దితే అది పాలరాతివలె మెరిసేది. మద్రాసు చునాం అని దానికి సీమలో కూడ పేరు. ఇటుక స్తంభాలను చలువరాతి స్తంభాలని దొరలు భ్రమపడేటట్లు చేసిన ఆ పనివారి పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. గవర్నరు పేరు, ఇంజినీరు పేరు మిగిలినవి.

ఆ మెట్ల ఎదుట పల్లకీలు, గుర్రపు బండ్లు ఆగేవి. నేల నీడ్చుకొనే అంచుల గౌనులు ధరించిన దొరసానులు జంటలు జంటలుగా పైకి నడవడానికి ఆ వెడల్పు అవసరమైనది. లోపల గోడల నిండా రాజుల, గవర్నర్ల, సేనానుల నిలువెత్తు తైలవర్ణ చిత్రాలు, పైన పంకాలు, ఒక మూల బాండు మేళం. రాజుగారి జన్మదినానికి విందు, గవర్నరు వచ్చినప్పుడు విందు, పోయేటప్పుడు విందు. ప్రక్కనే చేపాకంలో ఆర్కాటు నవాబు భవనం. ఆ నవాబు రాజ్యాన్ని 1801లో కుంపెనీ తన పరం చేసుకొన్నది. నెల్లూరు సీమ అప్పుడే మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చినది. దానికి ముందు ఏడాది, 1800లో, నిజాము బళ్ళారి, కడప మొదలైన దత్తమండలాలను ఇచ్చివేసినాడు. అనగా ఆ హాలు గోడలు లేస్తున్న రెండేళ్ళలోనే తెలుగు దేశంలో ఒక పెద్ద భాగం చేతులు మారినది. అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. హాలు పూర్తి అయిన 1802లోనే, అదే క్లైవ్ ప్రభుత్వం శాశ్వత శిస్తు నిర్ణయపు శాసనం చేసినది. 1802వ సంవత్సరపు 25వ రెగ్యులేషను అది. ఉత్తర సర్కారులలో జమీందారులు కుంపెనీకి కట్టవలసిన పేష్కషు దానితో ఎన్నటికీ మారకుండ స్థిరమైపోయినది. రైతు జమీందారుకు కట్టవలసినది మాత్రం స్థిరపడలేదు. గోదావరి, విశాఖ మండలాలలోని రైతుకు మద్రాసులో ఒక విందుశాల వెలసినదని తెలిసి ఉండదు. ఆ రెండు సంగతులు ఒకదానికొకటి ఎదురుపడడానికి నూట ముప్పదియారు సంవత్సరాలు పట్టినది.

మద్రాసులో దొరల నృత్యశాల ఇదొక్కటే కాదు. ఎగ్మూరులో పాంథియన్ అనే మరొక భవనం ఇంతకు ముందు నుండే ఉండేది. 1793 నుండి ఇరవై నలుగురు సభ్యుల సంఘం ఒకటి దానిని నడిపి నృత్యాలు, నాటకాలు ఏర్పాటు చేసేది. విందుశాల వచ్చిన తరువాత దాని వైభవం తగ్గినది. 1821లో ఒక ఆర్మేనియను వర్తకుడు దానిని కొన్నాడు. 1830లో ప్రభుత్వం తిరిగి కొని కచేరీగా వాడినది. తుదకు ప్రదర్శనశాలకు ఇచ్చినది. కృష్ణాతీరపు అమరావతి స్తూపం రాళ్ళు లండనుకు పోగా మిగిలినవాటిలో చాలభాగం ఆ ఆవరణలోకే చేరినవి. దొరలు ఆడిన చోట తెలుగు శిల్పులు చెక్కిన బౌద్ధుల రాళ్ళు నిలబడి ఉన్నవి. రాళ్ళకు అక్కడ చోటు దొరికినది. తెలుగు మాటకు విందుశాలలో చోటు దొరకడానికి ఇంకా చాల కాలం ఉండినది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి స్వంత మందిరం లేదు. సముద్రతీరాన సెనేటు హౌసు పూర్తి అయిన 1879 వరకు పట్టప్రదానోత్సవాలు విందుశాలలోనే జరిగేవి. ఈ దేశపు పిల్లలు తలపాగాలతో, నల్లని గౌనులతో ఆ మెట్లు ఎక్కడం అప్పుడు మొదలైనది. బండి తోలేవారు, బల్ల సర్దేవారు తప్ప ఈ దేశపువారు ఎక్కని మెట్లవి అంటే కొంత అతిశయోక్తి కావచ్చు, నవాబులు, రాజులు ఎక్కి ఉంటారు. కాని ఒక సామాన్య గృహస్థుని కుమారుడు తన చదువు బలంతో అక్కడ అడుగుపెట్టడం క్రొత్త విషయమే.

అసలు మార్పు 1937లో వచ్చినది. క్రొత్త రాజ్యాంగ చట్టం ప్రకారం జరిగిన ఎన్నికలలో 215 స్థానాలున్న మద్రాసు శాసనసభలో కాంగ్రెసుకు 159 లభించినవి. అంతకు ముందు ప్రధానమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజా తన బొబ్బిలిలోనే కార్మిక నాయకుడైన వి. వి. గిరి చేతిలో ఓడిపోయినారు. చక్రవర్తుల రాజగోపాలాచారి ప్రధాని అయినారు. టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి; గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి; బెజవాడ గోపాలరెడ్డి స్థానిక పాలన మంత్రి. కాకినాడ నుండి వచ్చిన, ప్రజలు మహర్షి అని పిలిచే బులుసు సాంబమూర్తి సభాపతి. సభ మొదట సెనేటు హౌసులో కూర్చున్నది. 1938 జనవరి 27 నుండి విందుశాలకు మారినది. కోటలను విడిచి, కచేరీలను విడిచి, ఒక నృత్యశాలను శాసనసభగా చేసుకోవలసి రావడంలో రాజకీయ సంకేతం ఏమీ వెదకనక్కరలేదు. అంతమందికి సరిపడే గది మరొకటి దొరకలేదు, అంతే. కాని ఫలితం మాత్రం విచిత్రమైనది. ప్లాసీ చిహ్నం కింద నుండి ఖద్దరు ధరించినవారు లోనికి నడిచినారు. దొరసానుల పాదాలకు నునుపెక్కిన నేల మీద సభ్యుల బల్లలు వేయబడినవి. కులపతి స్థానంలో వలె, దొరల విందుశాలలో ఎత్తైన ఆసనం మీద కూర్చున్నది సాంబమూర్తి.

ఆ సభ ఇరవై ఒక్క నెలలు మాత్రమే అక్కడ జరిగినది. అప్పులలో మునిగిన రైతులకు ఉపశమనం కలిగించే చట్టం 1938లోను, హరిజనుల ఆలయ ప్రవేశానికి రక్షణ కల్పించే చట్టం 1939లోను చేయబడినవి. అవి ఎట్లు ఉన్నా, తెలుగువారికి ముఖ్యమైనవి రెండు. మొదటిది జమీందారీ రైతుల విషయం. ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఊరూరా తిరిగి సాక్ష్యాలు తీసుకొన్నది. భూమికి యజమాని రైతే. జమీందారు శిస్తు వసూలు చేసి పెట్టే మధ్యవర్తి మాత్రమే. కాబట్టి రైతు చెల్లించే శిస్తు శాశ్వత నిర్ణయం జరిగిన నాటి స్థాయికి తగ్గవలెనని 1938లో అది నివేదిక ఇచ్చినది. 1939 జనవరిలో ఆ నివేదిక ఆ హాలులోనే చర్చకు వచ్చినది. పెద్ద క్లైవ్ కుమారుడు 1802లో ముగించినాననుకొన్న లెక్కను, ఆయన 1802లో విందు చేసుకొన్న గదిలోనే ఒంగోలు ప్రాంతపు ఒక పేద ఇంటి బిడ్డ తిరిగి విప్పినాడు. న్యాయంగా చూస్తే ఆ గది చరిత్రలో ఇంతకన్న పెద్ద దినం మరొకటి లేదు. కాని చట్టం రాలేదు. యుద్ధం వచ్చినది, మంత్రివర్గం పోయినది. జమీందారీల రద్దు చట్టానికి 1948 వరకు రైతు వేచి ఉండవలసి వచ్చినది.

రెండవది ఆంధ్రరాష్ట్ర విషయం. 1937 నవంబరులో మైలాపూరులోని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనంలో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడికకు వచ్చి ఉన్నారు. తరువాతి మార్చి నెలలో, విందుశాలలో సమావేశమైన సభ, భాషా రాష్ట్రాలు ఏర్పరచవలెనని తీర్మానించినది. అడిగినది తెలుగువారే కాదు, ఆ ఉమ్మడి రాష్ట్రపు సభ మొత్తం. సీమలోని ప్రభుత్వం సమ్మతించలేదు. తీర్మానం కాగితం మీద ఉండిపోయినది.

అవే దినాలలో ఆ భవనం వెలుపల మరొక భాషాకలహం నడుస్తున్నది. పాఠశాలలలో హిందీని నిర్బంధంగా నేర్పవలెనని రాజగోపాలాచారి ప్రభుత్వం 1938లో ఉత్తరువు చేసినది. హిందీని ప్రేమించినవారు సైతం, ప్రేమ నిర్బంధంతో పుట్టదని అప్పుడే గ్రహించి ఉంటే ఆ భాషకే మేలు జరిగి ఉండేది. ఆందోళనలో వందలమంది చెరసాలకు పోయినారు. నాలుగు నెలల శిక్ష పడినవారిలో కాంచీపురపు యువకుడు ఒకడు, సి. ఎన్. అణ్ణాదురై. ఆయన ఆ హాలుకు రావలసిన రోజు ఇంకా మూడు దశాబ్దుల దూరాన ఉన్నది. 1939 అక్టోబరు 26న సభ అక్కడ చివరిసారిగా సమావేశమైనది. ఆ నెలాఖరుకు మంత్రివర్గం రాజీనామా చేసినది. విందుశాల మళ్ళీ గవర్నరు చేతికి పోయినది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత విందుశాలకు రాజాజీ హాలని పేరు పెట్టినారు. ఆ పేరు పెట్టడం ఉచితమే. ఆయన ఆ సభకు నాయకుడు, స్వతంత్ర భారతపు గవర్నరు జనరలు. అదే రాజాజీ 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా తిరిగి వచ్చినారు. 375 మంది సభ్యుల క్రొత్త సభ ఆ మే నెలలో, అదే ప్రభుత్వ ఎస్టేటులో, విందుశాలకు కొద్దిదూరాన ఏర్పాటు చేసిన తాత్కాలిక మందిరంలో కూర్చున్నది. అక్టోబరు 19న మైలాపూరులో, రాయపేట హైరోడ్డున ఉన్న 126వ నంబరు ఇంట, పొట్టి శ్రీరాములు ఆంధ్రరాష్ట్రం కోసం నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఆ ఇల్లు ఎవరిది? పదునాలుగేళ్ళ క్రింద విందుశాలలో భాషా రాష్ట్రాల తీర్మానం ఆమోదం పొందిన నాడు సభాపతిగా ఉన్న సాంబమూర్తిది. తాను అధ్యక్షత వహించిన సభ కోరినది రానందుకు, తన ఇంట ఒక మనిషి అన్నం మాని పడుకొని ఉండగా ఆ వృద్ధుడు చూచినాడు. ఇంటి నుండి విందుశాలకు రెండు మైళ్ళ చిల్లర. యాభై ఎనిమిది దినాలు గడిచినవి. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు కన్నుమూసినారు. 19న ఆంధ్రరాష్ట్ర నిర్ణయాన్ని నెహ్రూ ప్రకటించినారు. మద్రాసు నగరం మాత్రం అందులో లేదు.

1953 అక్టోబరు 1న తెలుగు సభ్యులు ఆ ఆవరణను విడిచి కర్నూలుకు పోయినారు. అక్కడ చాల కచేరీలు గుడారాలలో నడిచినవి. విందుశాలలో మంత్రులుగా కూర్చున్న ముగ్గురిలో ప్రకాశం క్రొత్త రాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి, గోపాలరెడ్డి ఆ తరువాతివారు. గిరి 1969లో రాష్ట్రపతి అయినారు. ఎవరూ ఆ హాలుకు మళ్ళీ సభ్యులుగా రాలేదు. రావలసిన పని లేకపోయినది.

మిగిలినది తమిళుల కథ. ఉమ్మడి సభ కూర్చున్న తాత్కాలిక మందిరం బాలల థియేటరు అయి, తరువాత కలైవాణర్ అరంగం అయినది. పడగొట్టి తిరిగి కట్టిన దానిలో, 2020లో అంటువ్యాధి భయాన సభ్యులు దూరదూరంగా కూర్చోవలసి వచ్చినప్పుడు, శాసనసభ మరల సమావేశమైనది. గవర్నరు నివసించిన పాత భవనం క్రొత్త శాసనసభా భవనం కోసం నేలమట్టమైనది. 2010లో ప్రారంభమైన ఆ భవనం కూడ ఎంతోకాలం సభగా నిలువక, 2014లో ఆసుపత్రిగా మారినది. ఆ ఆవరణలో ఏ కట్టడమూ కట్టిన పనికే నిలిచి ఉన్నట్లు కనబడదు. వాటి నడుమ విందుశాల మాత్రం పడగొట్టబడకుండ నిలిచినది. ప్రదర్శనలకు, ప్రభుత్వ ఉత్సవాలకు అప్పుడప్పుడు వాడినారు. కాని ప్రజలకు అది మరొక పనితో గుర్తు.

1969 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అణ్ణాదురై భౌతికకాయాన్ని ప్రజల దర్శనార్థం అక్కడ ఉంచినారు. హిందీ నిర్బంధాన్ని ఎదిరించి 1938లో చెరసాలకు పోయినవాడు, ఆ నిర్బంధం చేసినవాని పేరుగల హాలులో పడుకొన్నాడు. బ్రతికి ఉండగానే ఆ ఇద్దరూ స్నేహితులైనారు, అది వేరు సంగతి. 1972 డిసెంబరులో రాజాజీ వంతు, 1975లో కామరాజు వంతు వచ్చినవి. 1987 డిసెంబరులో ఎం. జి. రామచంద్రన్ శవం తల దగ్గర జయలలిత గంటల తరబడి నిలబడి ఉన్నారు. ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత, 2016 డిసెంబరులో, ఆమె శవమే ఆ మెట్ల మీద ఉంచబడినది. 2018 ఆగస్టులో కరుణానిధి శవాన్ని చూడవచ్చిన జనసమ్మర్దంలో త్రొక్కిసలాట జరిగి మనుషులు మరణించినారు. దొరసానుల గౌనులకని పరచిన మెట్ల వెడల్పు ఇప్పుడు మరొక విధంగా ఉపయోగపడుతున్నది: ఎంత దూరాన నిలబడినవారికైనా పైన ఉన్న ముఖం కనబడుతుంది.

పొట్టి శ్రీరాములు దేహాన్ని ఆ మెట్ల మీద ఉంచలేదు. సాంబమూర్తిగారు 1958లో కాకినాడలో మరణించినారు. రాయపేట హైరోడ్డులోని ఆ ఇంటి స్థలం ఇప్పుడు అమరజీవి స్మారక మందిరం. మద్రాసు వెళ్ళే తెలుగువారిలో కొందరు అక్కడికి పోయి వస్తుంటారు.